అంచులోని మూడు మాటలు

మా కైసరయలో త్రోఫిమ చేతిరాతకు వంక పెట్టినవాడు లేడు. రేవులో దిగిన పరదేశి ఆమె రాసిన పేజీ చూసి, "ఇది మగవాడి చెయ్యా, ఆడమనిషి చెయ్యా?" అని అడిగితే, "చెయ్యి చెయ్యే, అందులో ఆడేమిటి మగేమిటి? కొంటావా, దారి వదులుతావా?" అని కసిరేది. అంత నోరున్న మనిషి, నోరు తెరవవలసిన ఒకే ఒక్క రోజున తెరవలేదు. ఆ సంగతే చెప్పబోతున్నాను. ఆమె మీద నాకు కోపం లేదంటే అబద్ధం. జాలి లేదన్నా అబద్ధమే.

ఆమె తండ్రి నికార్కు సంతలో చాప వేసుకుని చదువురానివాళ్ళకు అర్జీలు రాసి పెట్టేవాడు. నడివయసులో క్రీస్తు సంఘంలో చేరాడు. అప్పటినుంచి పొద్దున అర్జీలు, మధ్యాహ్నం ప్రవక్తలు. పెళ్ళాం ముందే పోయింది, ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్లకు బొమ్మలకు బదులు రెల్లు కలం చేతికిచ్చి పెంచాడు.

ఆ రోజుల్లో మా బోధకుల దగ్గర గ్రంథాలెక్కడివి? ప్రవక్తల మాటలు రాసిన తోలు చుట్టలు కొనే తాహతు ఎవరికీ లేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. యూదుల లేఖనాలు గ్రీకులో ఉన్నాయి కదా, ఎప్పుడో డెబ్బై మంది పెద్దలు కూర్చుని హెబ్రీ నుంచి దించారని చెప్పుకుంటారే, అవి. వాటిలో క్రీస్తును గురించి ముందే చెప్పినట్టు తోచిన మాటలన్నీ ఏరి, ఒక చిన్న పుస్తకంలో వరసగా రాసుకునేవాళ్ళు. కాపరి గురించి ఒక పేజీ, రాయి గురించి ఒక పేజీ, నీళ్ళ గురించి ఇంకొకటి. బోధకుడు ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకెళ్ళి, "ప్రవక్త ఏమన్నాడయ్యా?" అని గొంతెత్తి చదివేవాడు. ఆ మాట అసలు చుట్టలో ఎలా ఉందో విప్పి చూసే ఓపిక వందకు ఒకడికి ఉండేది కాదు. మా ఊరి యూదులూ ఆ గ్రీకే చదివేవారు. హెబ్రీ వాళ్ళకీ రాదు. చదివేది ఇద్దరం ఒకటే, కొట్టుకునేది అర్థం దగ్గర.

నకలు రాసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. రాస్తూ రాస్తూ ఏదైనా మాట జారిపోతే దాన్ని అంచులో రాసి, పక్కన చిన్న గీత పెట్టాలి. తర్వాత నకలు తీసేవాడు గీత చూసి ఆ మాటను లోపలికి తీసుకుంటాడు. గీత లేకపోతే అది చదివినవాడి సొంత గోల. దాన్ని అంచులోనే వదిలెయ్యాలి. త్రోఫిమకు ఈ సంగతి ఏడో ఏటే తెలుసు.

నికార్కుకు దగ్గు పట్టుకుంది. ఆఖరి నెలల్లో పడక మీదే కూర్చుని తను రాసిన పుస్తకాన్ని తిరగేసుకునేవాడు. కాపరి పేజీలో ఒక ప్రవక్త పలుకు ఉంది: కాపరి వస్తాడు, చెదిరిన గొర్రెలను కొండ మీదికి చేరుస్తాడు. దాని పక్కన అంచులో నికార్కు మూడు మాటలు రాసుకున్నాడు. "తన ప్రాణం వెలపెట్టి." గీత పెట్టలేదు. పెట్టడానికి అది జారిపోయిన మాట కాదు, చావు దగ్గరపడ్డ మనిషికి ఊరటగా తోచిన మాట.

ఆయన పోయిన ఏడాది పుస్తకం అట్టలు ఊడి పేజీలు చిరిగిపోతుంటే, కొత్త నకలు తియ్యమని సంఘం త్రోఫిమకు ఇచ్చింది. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. కాపరి పేజీ దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. గీత లేదు. రెండుసార్లు చూసింది, లేదు. అంచులో వదిలేస్తే ఇంకొకడు నకలు తీసేనాటికి ఎవడో గీకేస్తాడు, నాన్న మాట నాన్నతోపాటే మట్టిలో కలిసిపోతుంది. లోపల పెడితే? నలుగురి నోళ్ళలో ఆడుతుంది. త్రోఫిమ కలాన్ని సిరాలో ముంచి, "కాపరి వస్తాడు, తన ప్రాణం వెలపెట్టి చెదిరిన గొర్రెలను కొండ మీదికి చేరుస్తాడు" అని ఒకే వరుసలో, ఒకే తీరు అక్షరాలతో రాసేసింది. ఎంత చక్కగా కుదిరిందంటే, ఆ మూడు మాటలు లేకుండా ఆ వాక్యం ఎన్నాళ్ళు ఎలా నిలబడిందా అనిపించింది ఆమెకు. పొరపాటున రాసింది కాదు. తెలిసి రాసింది. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఇరవై రెండేళ్ళు గడిచాయి. పాత పుస్తకాన్ని మా వాళ్ళు గౌరవంగా కాల్చేశారు, కొత్తది వాడుకలోకి వచ్చింది. దాని నుంచి త్రోఫిమ చేత్తోనే పదకొండు నకళ్ళు పుట్టాయి. యొప్పేకు ఒకటి, తూరుకు రెండు, అంతియొకయకు ఒకటి వెళ్ళాయి. ఎక్కడికెళ్ళినా ఆ పుస్తకంలో అందరికీ నచ్చింది ఆ కాపరి వాక్యమే. పాట కట్టారు. పిల్లల్ని నిద్రపుచ్చుతూ పాడారు. పడవ తాళ్ళు పేనుకునే ఒనేసిని, క్రీస్తును వదలనన్నందుకు, రోమా అధికారి ఆటస్థలంలో మృగాల ముందుకు తోసినప్పుడు, వాడు ఆ వాక్యమే అంటూ పోయాడు. ఆ రోజు త్రోఫిమ జనంలో ఉంది. ఇంటికొచ్చి మూడు రోజులు కలం ముట్టలేదు. ఎందుకమ్మా అంటే ఒనేసి కోసం ఏడుస్తున్నానంది. అదీ నిజమే, కానీ సగం నిజం.

ఆమె ఇంటి గోడకు ఆనుకునే యాసోను సిరా కొట్టు ఉండేది. దీపపు మసి, తుమ్మజిగురు కలిపి రుబ్బి ఆయన చేసే సిరాకు పేరు మోగిపోయేది. యూదుడు. వాళ్ళ సమాజమందిరంలో చుట్టల బీరువా తాళం ఆయన దగ్గరే, విశ్రాంతి దినమైన శనివారం నాడు చదివేదీ ఆయనే. ఆయన భార్య రూఫీన. పిల్లలు లేరు. నికార్కు పోయాక త్రోఫిమకు పొయ్యి వెలగని రోజుల్లో పప్పు గిన్నె గోడ మీదుగా అందించింది ఆ ఇంటివాళ్ళే. త్రోఫిమ ఆయన్ని బాబాయ్ అనేది, ఆమెను పిన్నీ అనేది.

"ఏమ్మా, ఇవాళ మా ప్రవక్తల్ని ఎన్ని ముక్కలు చేశావ్?" అని గోడ అవతల్నుంచి యాసోను అడిగేవాడు.

"నాలుగు. మీరు చుట్టలో పడుకోబెట్టి పెడితే లేచి రావట్లేదు బాబాయ్, మేం పుస్తకంలో నిలబెడుతున్నాం."

"నిలబెడుతున్నారో తలకిందులు చేస్తున్నారో! ఒసే రూఫీనా, ఈ పిల్లకి రెండు అంజూరప్పళ్ళు పెట్టు, ఆకలేస్తే ఇంకా తప్పులు రాస్తుంది."

వాళ్ళ మధ్య తగువు ఇంతే. అంతకుమించి ఎన్నడూ లేదు.

సంఘపు బోధకుడు అమ్మియానుకు మాత్రం తగువంటే ప్రాణం. చెడ్డవాడు కాదు. జ్వరాలొచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళిచ్చిన మనిషి. కానీ నోరు తెరిస్తే గెలవాలి. ఒక ఎండాకాలం రేవు పక్క మండపంలో, యూదులను వాదానికి పిలిచాడు. వాళ్ళ మందిరపు పెద్ద తనకు గొంతు బాగాలేదని తప్పుకుని యాసోనును ముందుకు నెట్టాడు. మండపం నిండింది. చేపలమ్మేవాళ్ళు బుట్టలు దించి మరీ నిలబడ్డారు. త్రోఫిమ స్తంభం పక్కన నిలుచుంది, ఇద్దరిలో ఎవరు ఓడినా తనకు బాధే అనుకుంటూ.

చాలాసేపు ఇద్దరూ సరిసమానంగా నడిచారు. అప్పుడు అమ్మియాను పుస్తకం తెరిచి కాపరి వాక్యం చదివాడు. "తన ప్రాణం వెలపెట్టి! విన్నారా? మీ ప్రవక్త నోటితోనే! కాపరి చస్తాడని మీ ప్రవక్తే చెబితే, మా కాపరి చచ్చాడని మమ్మల్ని వెక్కిరిస్తారేం?"

యాసోను తల గోక్కున్నాడు. "ఏదీ, ఇంకోసారి చదవండయ్యా. కాపరి వస్తాడు, చెదిరిన గొర్రెలను చేరుస్తాడు. అంతేగా? మధ్యలో ఆ వెల మాట మా దాంట్లో లేదే."

"లేదా? తెచ్చి చూపించు."

యాసోను వెళ్ళి చుట్ట తెచ్చాడు. పెద్ద తోలు చుట్ట, పాతది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే జాగ్రత్తగా విప్పాడు. ఆ చోటు వచ్చింది. నిజమే, ఆ మూడు మాటలు లేవు. కానీ సరిగ్గా అక్కడే తోలుకు కొత్త ముక్క కుట్టి ఉంది. చుట్టూ ఉన్న తోలు గోధుమరంగు, ఆ ముక్క తెల్లగా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు అమ్మియాను మెల్లగా.

"ఎలుక కొట్టింది. పన్నెండేళ్ళయింది. నేనే కుట్టాను."

"దీని మీద రాసిందెవరు?"

"నేనే. మిగిలిన ముక్కలు చూసి, పోయినవి నోటికొచ్చు కాబట్టి..."

"నోటికొచ్చు కాబట్టి నీకిష్టమైనట్టు రాశావ్!" అమ్మియాను జనం వైపు తిరిగాడు. "చూశారా అయ్యలారా! ఎలుక ఎంత తెలివైనదో చూశారా! చుట్ట అంతా వదిలేసి, సరిగ్గా క్రీస్తు చావు రాసినచోటే కొరికింది! ఈ ఎలుకకు రెండు కాళ్ళున్నాయి!"

మండపం ఘొల్లుమంది. "రెండు కాళ్ళ ఎలుక!" అని ఎవడో అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. యాసోను నోరు తెరుస్తున్నాడు, మాట ఎవరికీ వినపడటం లేదు. చుట్టను గుండెకు హత్తుకుని చుట్టూ చూశాడు. ఆ చూపు త్రోఫిమ మీద ఆగింది. ఏం అడిగిందో ఆ చూపు? ఏమీ అడగలేదు. తెలిసిన మొహం కనపడితే ఆగింది, అంతే. త్రోఫిమ మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. "అది మా నాన్న మాట" అని నాలుగు ముక్కలు అంటే ఆ గోలంతా అక్కడికక్కడే చల్లారేది. అనలేదు. జనం మధ్యలోంచి దారి చేసుకుని ఇంటికి పోయి తలుపేసుకుంది.

ఆ తర్వాత యాసోను బతుకు చూడాలి. కొట్టు ముందు చచ్చిన ఎలుకను పడేశారు. మర్నాడు ఇంకొకటి. పిల్లకాయలు దారి పొడుగునా "రెండు కాళ్ళ ఎలుక" అని పాడారు. మా సంఘంవాళ్ళు ఆయన సిరా కొనడం మానేశారు. అదైనా ఆయన ఓర్చుకునేవాడు. తన మందిరంవాళ్ళే అనుమానించడం మొదలుపెట్టాకే ఆయనకు నిద్ర పట్టలేదు. మందిరంలో కొందరికి ఆ పాత గ్రీకు అంటేనే గిట్టదు. క్రీస్తువాళ్ళు దాన్ని మైల చేశారు, కొత్త అనువాదం వచ్చింది, దానికి మారుదాం అని ఎప్పటినుంచో పోరు. లుద్ద ఊరివాళ్ళు అలాగే మారి, తమ పాత చుట్టలను మట్టిలో పాతిపెట్టేశారు కూడా. ఇప్పుడు మందిరపు పెద్ద యాసోనును నిలబెట్టి అడిగాడు: "ఏ మాటా వదల్లేదని ప్రమాణం చేస్తావా?"

ఇంకొకడైతే చేసేసేవాడు. యాసోను యాసోనే కాబట్టి ఆలోచించాడు. "పన్నెండేళ్ళ కిందటి పని. గుర్తున్నంతలో వదల్లేదు" అన్నాడు.

"గుర్తున్నంతలో అంటే ప్రమాణం కాదు."

"అంతకంటే ఎలా చెయ్యనయ్యా? అబద్ధమని తేలితే ఆ మచ్చ దేవుడి పేరు మీద పడుతుంది."

చదవడం ఆపించారు. తాళం మాత్రం ఇంకా తీసుకోలేదు. తిబెరియలో హెబ్రీ తెలిసిన పెద్దమనిషికి కబురు పంపుదామన్నారు గానీ, అమ్మియాను ముందే ఊరంతా చాటించాడు: "గ్రీకులో కొట్టేసినవాళ్ళు హెబ్రీలో కొట్టెయ్యరా?" దాంతో కబురు పంపినా ఉపయోగం లేదని ఊరుకున్నారు.

ఒక మధ్యాహ్నం రూఫీన గోడ అవతలి నుంచి కాకుండా వీధి తలుపున వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఆమె వీధి తలుపు తట్టడం అదే మొదలు. లోపలికొచ్చి కింద కూర్చుంది.

"అమ్మాయ్, నీకో మాట అడుగుతాను. మీ బాబాయి అడగొద్దన్నాడు. నేను ఆగలేక వచ్చాను."

"అడుగు పిన్నీ."

"ఆ కాపరి మాట నువ్వే కదా అన్నిసార్లు రాసింది. మీ నాన్న దాన్ని ఎక్కడ చూసి రాశాడు? ఏ ఊరి చుట్టలోంచి? అది చెప్పు చాలు. పడవెక్కి పోయి చూసొస్తాం. ఉందంటే ఉంది, లేదంటే లేదు. మనిషికి అన్నం సహించట్లేదమ్మా. రాత్రీ పగలూ ఆ వాక్యం గొణుక్కుంటున్నాడు. ఒకసారి ఆ మాటతో, ఒకసారి ఆ మాట లేకుండా."

త్రోఫిమ చేతిలో కలం ఉంది. దాని కొన వైపు చూస్తూ కూర్చుంది. చెప్పేద్దామనుకుంది. అంతలో ఒనేసి మొహం కనిపించింది, నాన్న మొహం కనిపించింది, పదకొండు పుస్తకాలు కనిపించాయి. అవన్నీ సాకులే. అన్నిటికంటే ముందు తన మొహమే కనిపించింది, "ఆ మాట నువ్వే పెట్టావా?" అని ఊరంతా అడుగుతుంటే తలదించుకున్న మొహం.

"అలెక్సంద్రియ చుట్టలో పిన్నీ" అంది. "నాన్న అక్కడి మంచి ప్రతి చూసి రాశానని చెప్పాడు."

రూఫీన "అలెక్సంద్రియలోనా" అని లేచింది. "అక్కడే కదా డెబ్బై మందీ కూర్చుని రాసింది. సరేలేమ్మా. నువ్వు చెప్పావంటే నిజమే." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఏమన్నా తిన్నావా?" అని అడిగింది. ఆ పాపిష్టిది ఆ ప్రశ్నకు కూడా "తిన్నాను" అనే చెప్పింది. పొద్దుట్నుంచి ఎండు రొట్టె ముక్క కూడా ముట్టలేదు.

మరుసటి ఆదివారం సంఘం కూడినప్పుడు అమ్మియాను మొహం వెలిగిపోతోంది. "ఆనందించండి!" అన్నాడు. "ఎలుక ఒప్పుకుంది!"

విషయం ఏమిటంటే, ముందు రోజు విశ్రాంతి దినాన యాసోను తన జనం ముందు నిలబడి, పన్నెండేళ్ళ కిందట తను మూడు మాటలు వదిలేశానని ఒప్పుకున్నాడట. కావాలని కాదు, గుర్తు తప్పి వదిలానన్నాడట. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, క్షమించమని నేల మీద పడ్డాడట. రాత పని కూడని ఆ దినం వెళ్ళిపోయి దీపాలు పెట్టాక, పెద్ద చెప్పగా తనే కలం తీసుకుని, ఆ తెల్ల ముక్క మీద వరసల మధ్య ఆ మూడు మాటలు చిన్న అక్షరాలతో ఎక్కించాడట.

సంఘమంతా లేచి కాపరి పాట పాడింది. కొందరు ఏడ్చారు. త్రోఫిమ ఏడవలేదు, పాడలేదు. గోడకు చేరగిలబడి నిలబడింది. తన అబద్ధం గోడ దాటి వెళ్ళి ఒక పెద్దమనిషిని నేల మీద పడేసిందని ఆమెకు తెలుసు. ఆయన ఇంకెవరి మాటా నమ్మి ఒప్పుకోలేదు. అమ్మియాను అరుపులకు లొంగలేదు, చచ్చిన ఎలుకలకు లొంగలేదు. "నువ్వు చెప్పావంటే నిజమే" అన్న నమ్మకానికి లొంగాడు. ఆ వంద గొంతుల్లో నాన్న మాట మోగుతుంటే, ఒకప్పుడు ఇదే కదా తను కోరుకున్నది అనుకుంది.

జనం వెళ్ళిపోయాక అమ్మియాను దగ్గరికి పోయింది. ఆయన పప్పులో రొట్టె ముంచుకుని తింటున్నాడు.

"అయ్యగారూ, ఆ మాట ప్రవక్తది కాదు. మా నాన్నది. అంచులో ఉంది, గీత లేదు. నేనే లోపల పెట్టాను."

అమ్మియాను నమలడం ఆపాడు. చేతిలోని రొట్టె గిన్నె పక్కన పెట్టాడు. పాపం, ఆయనకూ అది చిన్న దెబ్బ కాదు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"కూర్చో." తనే లేచి తలుపు దగ్గరికి వేసొచ్చాడు. "మీ నాన్న దైవభక్తి గలవాడు. చావుబతుకుల్లో ఉండి రాశాడు. ఆయన చేత దేవుడే రాయించాడేమో, నీకేం తెలుసు?"

"రాయిస్తే అంచులో రాయించాడయ్యగారూ. లోపల పెట్టింది దేవుడు కాదు, నేను."

"ఒనేసి ఆ మాట మీద ప్రాణం విడిచాడు. వాడి పెళ్ళాం ఆ మాట పట్టుకుని బతుకుతోంది. వెళ్ళి ఆమెకు చెప్పు, నీ మొగుడు అర్జీలు రాసేవాడి మాట చెప్పుకుని చచ్చాడు అని. చెప్పగలవా?"

త్రోఫిమ తల అడ్డంగా ఊపింది.

"అంతియొకయలో, తూరులో, ఎన్ని చోట్ల చదువుతున్నారు! ఒక్క మాట దొంగదని తేలితే మిగతా పేజీలన్నీ దొంగవే అంటారు. ఇంతమంది విశ్వాసం కన్నా నీ పక్కింటి ముసలాయన పరువు ఎక్కువా?" గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పావు, నేను విన్నాను. బరువు నా మీద పెట్టేశావు. ఇక ఇంటికెళ్ళి నిమ్మళంగా ఉండు."

ఆమె ఇంటికొచ్చి నిమ్మళంగా ఉండటానికి ప్రయత్నించింది. నవ్వకండి, నిజంగానే ప్రయత్నించింది. రెండు రోజులు బరువు దిగిందేమోనని వెతుక్కుంది. గోడ అవతల సిరా రుబ్బే చప్పుడు లేదు. మూడోరోజు పొద్దున లేచి, మొహం కడుక్కుని, వీధి తలుపున వెళ్ళింది.

యాసోను కొట్టులో ఖాళీ రోలు ముందు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"లేవకు బాబాయ్." ఆమె ఆయన ముందు నేల మీద కూలబడింది. "అలెక్సంద్రియ చుట్ట లేదు. ఏ చుట్టా లేదు. అది మా నాన్న సొంత మాట. నేను తెలిసే ప్రవక్త నోట్లో పెట్టాను. మండపంలో నోరు మూసుకున్నాను. పిన్ని వచ్చి అడిగితే అబద్ధం చెప్పాను. నువ్వు ఏమీ వదల్లేదు. నీ చుట్ట సరిగ్గానే ఉంది."

లోపల్నుంచి రూఫీన వచ్చి గుమ్మంలో నిలబడింది. మొత్తం విన్నట్టుంది.

"ఓసి నీ నోరు పడిపోను!" అంది. "నీ ఇంట్లో నేల మీద కూర్చుని అడిగాను కదే! నిన్ను కూతుర్ని అనుకుని అడిగాను! నా మొహం చూస్తూ ఎలా చెప్పావే?"

"తిట్టు పిన్నీ."

"తిట్టడానికి కూడా నోరు రావట్లేదు." కొంగుతో నోరు మూసుకుని లోపలికి పోయింది.

యాసోను మాత్రం కోప్పడలేదు. అదే త్రోఫిమకు భరించరానిది. ఆయన వేళ్ళు మోకాలి మీద ఏదో రాస్తున్నట్టు కదులుతున్నాయి.

"ఏమీ వదల్లేదా?" అన్నాడు.

"వదల్లేదు బాబాయ్."

"కానీ నాకు గుర్తొచ్చిందే తల్లీ." ఆయన గొంతులో భయం ఉంది. "నువ్వు అలెక్సంద్రియ అన్నావని రూఫీన చెప్పాక, కూర్చుని ఆలోచిస్తే, మా నాన్న ఆ మాటతో కలిపి చదవడం నాకు గుర్తొచ్చింది. ఆయన గొంతుతో సహా వినిపించింది. ఒట్టినే ఒప్పుకోలేదు నేను. గుర్తొచ్చే ఒప్పుకున్నాను."

త్రోఫిమకు అప్పుడు అర్థమైంది. ఇరవై రెండేళ్ళుగా రాస్తూ రాస్తూ తనే ఆ వాక్యాన్ని పైకి చదివేది. గోడ అవతల సిరా రుబ్బుకుంటూ ఆయన విన్నది తన గొంతునే. ఆ సంగతి చెప్పింది. ఆయన తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు.

విశ్రాంతి దినాన ఆమె సమాజమందిరం వాకిట్లో నిలబడి, అందరికీ వినపడేలా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇలా బయటపెట్టిందని అమ్మియానుకు తెలిస్తే సంఘంలోంచి వెలివేస్తాడని తెలుసు. తర్వాత వేశాడు కూడా. నకళ్ళ పని పోయింది. ఒనేసి పెళ్ళాం దారిలో ఎదురై మొహాన ఉమ్మింది. అవన్నీ ఆమె ముందే లెక్కవేసుకున్నవే. వెళ్ళకుండా ఉండలేకపోయింది.

మందిరంలో గుసగుసలు లేచాయి. "వాళ్ళ మనిషే వచ్చి చెబుతోందంటే నిజమే" అన్నారు కొందరు. పెద్ద లేచాడు. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి తీసుకొచ్చి యాసోను చేతిలో పెట్టి, "తప్పు మాది. ఆ మూడు మాటలు రేపు తుడిపిద్దాం. ఇవాళ నువ్వే రా, వాటిని వదిలేసి చదువు" అన్నాడు.

యాసోను చదివే బల్ల దగ్గరికి వెళ్ళాడు. చుట్ట విప్పాడు. తెల్ల ముక్క మీద వేలు పెట్టి, ఒకసారి ఆ మాటలతో, ఒకసారి అవి లేకుండా పెదవులు కదిపాడు. అందరూ ఎదురు చూస్తున్నారు. ఆయన వేలు వరస మొదటికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి మంగలి త్రుఫోను వైపు తిరిగి, "నువ్వు చదువయ్యా" అని పక్కకు జరిగాడు. తాళంచెవి కూడా అక్కడే వదిలేశాడు. పెద్ద ఎంత బతిమాలినా మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. ఆ వారం రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

సిరా కొట్టు మళ్ళీ తెరిచాడు. కొనేవాళ్ళూ వచ్చారు. చలికాలం మొదట్లో ఒక పొద్దున త్రోఫిమను గోడ దగ్గరికి పిలిచాడు. చాలా వారాల తర్వాత ఆయన తనను పిలవడం అదే మొదలు కాబట్టి ఆమె పరుగున వెళ్ళింది. ఆయన చేతిలో కొత్త సిరా కుండ ఉంది. దాని మీద ఇంకా తడి ఆరని అక్షరాలున్నాయి. దాన్ని గోడ మీదుగా ఆమెకు అందించి, "కాస్త చూసి పెట్టమ్మా" అన్నాడు. "నా పేరే. సరిగ్గానే రాశానా?"